మీటరు 650, రంగు పండుమిరప

ఈ జ్ఞాపకంలో ఎవరి పేరూ రాయనని ముందే మాట ఇచ్చాను. పేర్లు తీసేస్తే సరిపోదని, తేదీలు ఉంటే చాలు, మా రెండు జిల్లాల్లో ఎవరు ఎవరో టీ చల్లారేలోగా పోల్చేస్తారని పాత సహోద్యోగి ఒకరు హెచ్చరించారు. అందుచేత సంవత్సరం, నెల, తేదీ వదిలేస్తున్నాను. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో తేదీ లేని కాగితం మీద నేను సంతకం పెట్టలేదు. ఇప్పుడు అటువంటి కాగితాన్ని నేనే తయారు చేస్తున్నాను. వారం, గంట, కొలతలు మాత్రం ఉన్నవి ఉన్నట్టు ఇస్తాను. ఫర్నేసుల దగ్గర, తీగలు లాగే బెంచీల దగ్గర కొత్తగా నిలబడుతున్నవారు ఇది చదువుతారని విన్నాను. వారికి సలహాలేమీ ఇవ్వను.

మాది కొత్తవలస దాటి, కిరండూలు రైలు లైను చీలిపోయిన తరువాత కనిపించే ఒక చిన్న తీగల కర్మాగారం. మోటార్లకు చుట్టే రాగి తీగ, వెల్డింగుకు పనికొచ్చే ఇనుప తీగ మా సరుకు. తీగ చేయడమంటే లావు కడ్డీని ఒకదానికంటే ఒకటి సన్నగా ఉన్న రంధ్రాల గుండా వరసగా లాగడం. నేను నాణ్యతా విభాగం అధికారిని. ఆ విభాగంలో నేను, ఒక బీరువా, ఒక కిటికీ ఉండేవాళ్లం.

ఒకనాడు దూరపు ఊరిలోని ఒక పరిశోధనా సంస్థ మాకు కొత్త పని అప్పగించింది. మెగ్నీషియం పొడి, బోరాన్ పొడి కలిపి లోహపు గొట్టంలో కూరాలి. పన్నెండు మిల్లీమీటర్ల ఆ గొట్టాన్ని ఒక మిల్లీమీటరు తీగ అయ్యేదాకా లాగాలి. తరువాత ఆ తీగను గాలి తగలకుండా, ఆర్గాన్ వాయువులో, 650 డిగ్రీల దగ్గర అరగంట వేడిచేయాలి. అప్పుడు లోపలి రెండు పొడులూ ఒకటై అతివాహకం అవుతాయి. అంటే, బాగా చల్లబరిస్తే ఏ నష్టమూ లేకుండా విద్యుత్తును మోసే పదార్థం. చెప్పడానికి ఇంతే.

చిక్కు గొట్టంతో వచ్చింది. లోపలి పొడి, బయటి గొట్టం ఒకే ఇంట్లో ఉంటూ మాట్లాడుకోని తోటికోడళ్ల మాదిరిగా పక్కపక్కనే ఉండాలి, కలవకూడదు. మొదట రాగి గొట్టం వాడాము. మెగ్నీషియానికి రాగి మీద మక్కువ ఎక్కువ. బోరాన్‌తో కలవవలసినది గోడవైపు వెళ్లి రాగితో కలిసిపోయింది, మధ్యలో నల్లని బోరాన్ మిగిలింది. అటువంటి తీగ బట్టలు ఆరేసుకోవడానికి కూడా పనికిరాదు, వంచితే విరుగుతుంది. రెండోసారి ఇనుప గొట్టాలు తెప్పించారు. ఇనుము మెగ్నీషియాన్ని పట్టించుకోదు. అయితే వేడి ఎనిమిది తొమ్మిది వందల డిగ్రీలకు చేరితే అది బోరాన్‌ను లాక్కోవడం మొదలుపెడుతుంది. 650 దగ్గర ఆపితే ఏ గొడవా లేదు. ఆపే బాధ్యత నాది. లాగే బాధ్యత మేస్త్రిది.

మేస్త్రి చీపురుపల్లి దగ్గర పల్లెటూరివారు. ఇంటి దగ్గర నాలుగు మడిచెక్కల వరి, కొంత మెట్ట ఉన్నా ఇరవై రెండేళ్లుగా మా బెంచీని వదలలేదు. కదులుతున్న తీగ మీద వేలు ఆనించి, ఇంకో రెండు రంధ్రాల తరువాత తెగుతుందో లేదో చెప్పేవారు. ఇనుప గొట్టంలో పొడి కూరి లాగడం కష్టమైన పని. పైన ఇనుము బిగుసుకుంటుంది, లోపల పొడి సర్దుకోదు. ఆ కర్మాగారంలో దాన్ని తెగకుండా లాగగలిగినది ఆయన ఒక్కరే. ఫర్నేసు నా పరిధిలోది అయినా, ప్రతిసారీ వచ్చి చివరనున్న చిన్న అద్దపు కిటికీలోంచి తన తీగలను చూసుకునేవారు. వేడిని ఆయన నాలుగు మాటల్లో చెప్పేవారు: నేరేడు, కుంకం, పండుమిరప, బొప్పాయి. ఒకసారి ఆయనకు తెలియకుండా మీటరుతో సరిచూశాను. కుంకం అన్నప్పుడు 650కీ 700కీ మధ్య ఉంది. పండుమిరప అన్నప్పుడు 850కీ 900కీ మధ్య ఉంది. ఆ సరిచూత ఎక్కడా నమోదు చేయలేదు. రంగును కొలతగా లెక్కించకూడదని అప్పట్లో నా అభిప్రాయం.

మొత్తం మూడు ఇనుప గొట్టాలు. ఒక్కొక్కటి ముప్పై సెంటీమీటర్ల పొడవు. లాగితే ఒక్కో దాని నుంచి నలభై మూడు మీటర్ల తీగ వచ్చింది. పదేసి మీటర్ల చొప్పున నాలుగు చుట్టలు తీసి, మిగిలిన మూడు మీటర్లు వేడిచేయకుండా చీటీ అంటించి బీరువాలో పెట్టాను. ఎందుకు పెట్టావని మేనేజరు అడిగితే, మిగిలింది కాబట్టి అన్నాను.

మొదటి రెండు గొట్టాల తీగలు రెండు విడతలుగా వేడిచేసి పంపాము. ఎనిమిది చుట్టలూ అనుకున్న విద్యుత్తును మోశాయి. మూడో గొట్టం తీగలను ఒక గురువారం వేడిచేశాను. ఆ నాలుగు చుట్టలూ అందులో మూడో వంతు కూడా మోయలేదు. సంస్థ నుంచి ఒక పరిశోధకురాలు వచ్చారు. ముప్పై ఏళ్లు దాటి ఉండవు. తీగను అడ్డంగా కోసి, నునుపు చేసి, సూక్ష్మదర్శినిలో నాకు చూపించారు. మధ్యలో గుండ్రంగా అతివాహకం, చుట్టూ ఇనుము, ఆ రెంటి నడుమ కాటుకతో గీసినట్టు ఒక వలయం. దాని మందం పదిహేను మైక్రాన్లు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు.

"గొట్టం, పొడి కలిసిపోయాయి సార్. ఏది దేనితో కలిసిందో ఇప్పుడే చెప్పలేను. మా దగ్గర పరీక్షకు వరస ఉంది, నెల పడుతుంది" అన్నారామె.

నెల ఆగమని ఆమె చెప్పినట్టు అర్థం చేసుకోవలసింది. నేను నాలుగు రోజుల్లోనే కారణం కనుక్కున్నాను.

మూడో గొట్టం కోసినప్పుడు చివరి ముక్కను కవరులో పెట్టి ఉంచాను. తీసి చూస్తే ఇనుప గొట్టం లోపలి గోడ ఎర్రగా ఉంది. తుప్పు ఎరుపు వేరు, ఇది రాగి ఎరుపు. ఆ రోజుల్లో గొట్టాలు కడిగే ఆమ్లం రాలేదు. మేస్త్రి ఇంటి నుంచి చింతపండు తెచ్చి డ్రమ్ములో నానబెట్టి, ఆ పులుపు నీళ్లతో గొట్టాలు కడిగారు. మొదటి రెండు గొట్టాలు ఒక శనివారం కడిగారు. ఆ తరువాత అదే నీళ్లలో ఎవరో రాగి కడ్డీల చిలుము వదిలించారు. మొదటి రెండింటి తీగలు వేడిచేసి పంపేశాక, రెండు వారాలు దాటి ఒక సోమవారం, మూడో గొట్టాన్ని ఆ నీళ్లలోనే ముంచారు. నీళ్లలో కరిగిన రాగి ఇనుము మీద పూతలా ఎక్కింది. హైస్కూలు రసాయన శాస్త్రం.

మేస్త్రిని పిలిచి అడిగాను. ఏమీ దాచలేదు.

"అవును బాబూ, సింతపండు నీళ్లతోనే కడిగినాను. మా ఇంట్లో రాగి సెంబులు దాంతోనే తోముతారు. లోపల ఎర్రగా వొచ్చినాది, బాగున్నాది అనుకున్నాను."

ఆ మాటను ఉన్నది ఉన్నట్టు నా నివేదిక నాలుగో పేజీలో చేర్చాను. మొత్తం పదకొండు పేజీలు, నాలుగు పట్టికలు. మెగ్నీషియానికి రాగితో ఉన్న చర్య, అది ఏ వేడి దగ్గర మొదలవుతుంది, మొదటి ప్రయత్నంలో రాగి గొట్టాలు ఎలా పాడయ్యాయి, అన్నీ ఉన్నాయి. చదివినవాళ్లందరూ మెచ్చుకున్నారు. సంస్థవారు చింతపండు సంగతిని తమ పరిశోధన పత్రికలో హెచ్చరికగా వేసుకుంటామన్నారు. మేనేజరు విజయనగరంలో నూనె వ్యాపారం చేసుకునే కుటుంబం నుంచి వచ్చినవారు, నిర్ణయాలు నిలబడిన చోటే తీసుకుంటారు. నివేదిక అందిన మంగళవారం సాయంత్రమే మేస్త్రిని బెంచీ నుంచి తప్పించి ప్యాకింగు షెడ్డుకు పంపారు. అక్కడ పని, తీగ చుట్టలకు గోనెపట్టా చుట్టి చీటీలు అంటించడం.

ఆ షెడ్డు నా కిటికీకి ఎదురుగా ఉండేది. వినాలని అనుకోకపోయినా మాటలు వినిపించేవి. అక్కడ పనిచేసే ఒకాయన మేస్త్రికి వరసకు బావ.

"ఏటి బావా, తీగల్లో పులుసెట్టినావట? ఉప్పు సరిపోనాదా?"

"సరిపోనాది. నీకు తెస్తానుండు, తాగుదువు గాని."

"వొద్దొద్దు. తాగితే నన్నూ సీటీలంటించడానికి అంపిస్తారు."

"నువ్వు అంటిస్తన్నది ఏటి మరి?"

నవ్వారు. మేస్త్రి కూడా నవ్వారు. చీటీ మాత్రం వంకరగా అంటించారు. ఇరవై రెండేళ్లలో ఆయన చేతి నుంచి వంకర పని నేను చూడలేదు.

రెండు వారాల తరువాత, భోజనాల వేళ, చేతులు తుడుచుకుంటూ నా గదికి వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు. నివేదిక ఎన్ని పేజీలని అడిగారు. పదకొండు అన్నాను. అన్నీ లెక్కలేనా అన్నారు. అన్నీ లెక్కలే అన్నాను.

"మరి ఆ రాగి ఎంత ఎక్కినాదో రాసినారా బాబూ? ఎంత మందం?"

నేను పేజీలు తిప్పాను. నాలుగు పట్టికల్లోనూ అది లేదు. రాగి ఉందని ఉంది. ఎంత ఉందని ఎక్కడా లేదు.

"సూసి సెప్పండి. తొందరేటి లేదు, నాను షెడ్డులోనే ఉంతాను" అని వెళ్లిపోయారు.

ఎంత అని అడగకుండా నేను ఏ కాగితాన్నీ దాటనివ్వనని కర్మాగారంలో చెప్పుకునేవారు. ఆ ప్రశ్న మేస్త్రి నన్ను అడగవలసి వచ్చింది.

లెక్క రెండు పూటల పని. మూడో గొట్టం ముక్క నుంచి రాగి పూతను మాత్రం కరిగించి, అందులో రాగి ఎంతో తేల్చాను. పూత మందం ఒక మైక్రానుకు లోపే ఉంది. పైగా గొట్టం పన్నెండు మిల్లీమీటర్ల నుంచి ఒకటికి సన్నబడినప్పుడు దాంతోపాటు పూత కూడా పన్నెండో వంతుకు పలచబడుతుంది. అంటే తీగలో మిగిలేది మైక్రానులో పదో వంతు కూడా కాదు. అది పట్టగలిగినంత మెగ్నీషియాన్నీ లాక్కున్నా అర మైక్రాను వలయం పుట్టించలేదు. సూక్ష్మదర్శినిలో నేను చూసినది పదిహేను మైక్రాన్లు. చింతపండు ఆ పని చేయలేదు.

అయితే ఎవరు చేశారు? ఫర్నేసు రిజిస్టరు తీశాను. మూడు విడతల పుటలను పక్కపక్కన పెట్టాను. మూడింటిలోనూ మీటరు 650, అరగంట. తేడా లేదు. మూడో విడత పుటను అడుగుదాకా చదివాను. నేను రాసినదాన్ని నేను మళ్లీ చదివే అలవాటు లేదు. సరిగానే రాసి ఉంటాననే నమ్మకం. అడుగున, నా చేతివ్రాతలో, ఇది ఉంది:

"గురువారం, 11.40. మేస్త్రి వచ్చి కిటికీలోంచి చూసి, రంగు పండుమిరప అన్నారు. మీటరు 650. చర్య అవసరం లేదు."

అప్పుడు గుర్తుకు వచ్చింది. ఇది కుంకం కాదు బాబూ అని ఆయన అన్నారు. మీటరు చూడండి మేస్త్రిగారూ అని నేనన్నాను. మీటరు ఏదో ఒకటి సూపిస్తాది అని వెళ్లిపోయారు. వచ్చినవారు అన్నమాట నమోదు చేయాలన్న నియమం నేనే పెట్టుకున్నాను కనుక నమోదు చేశాను.

ఫర్నేసు చల్లగా ఉన్న రోజు చూసి థర్మోకపుల్‌ను బయటికి లాగాను. వేడిని కొలిచి మీటరుకు చెప్పే కడ్డీ అది. దాని కొన ఫర్నేసు నడుమ, తీగల పక్కనే ఉండాలి. ప్రతి నెలా మొదటి సోమవారం దాన్ని తీసి, ప్రామాణిక కడ్డీతో సరిచూసి, మళ్లీ పెట్టేవాడిని. ఎంత లోపలికి తోయాలో తెలియడానికి కడ్డీ మీద ఒక ఎర్రగీత. మూడో విడతకు ముందు వచ్చిన సోమవారం పాత కడ్డీ అరిగిపోతే కొత్తది పెట్టాను. పాతదాని పొడవు నలభై అయిదు సెంటీమీటర్లు, కొత్తదాని పొడవు ముప్పై మూడు. పాత గీతను కొత్తదాని మీదకు ఎక్కించాను. కొన నుంచి కొలవవలసినదాన్ని పిడి నుంచి కొలిచాను. అర మిల్లీమీటరు కచ్చితత్వంతో, తప్పు వైపు నుంచి.

కాబట్టి కొత్త కడ్డీ కొన ఫర్నేసు నడిమధ్యకు పన్నెండు సెంటీమీటర్ల ఇవతల, దాని నోటి దగ్గరి చల్లదనంలో ఆగిపోయింది. మీటరు అబద్ధం చెప్పలేదు. కొన ఉన్నచోట వేడి 650. అక్కడ 650 రావడానికి ఫర్నేసు నడుమ ఎంత కాలిందో నేను కొలవలేదు. కొలిచిన మనిషి ఒకాయన ఉన్నారు. ఆయన పండుమిరప అన్నారు.

ఒకే సోమవారం రెండు తేడాలు జరిగాయి. ఒకటి చింతపండు నీళ్లలో, రెండోది నా చేతిలో. నాది కానిదాన్ని నేను నాలుగు రోజుల్లో కనిపెట్టాను.

మేనేజరు దగ్గరికి వెళ్లి చెప్పాను. తలుపు వేయమన్నారు.

"మాస్టారూ, సంస్థవాళ్లు చింతపండుకి ఒప్పుకున్నారు కదా. పల్లెటూరి మేస్త్రి, తెలియక చేశాడు, నవ్వుకుని ఊరుకున్నారు. ఇప్పుడు కడ్డీ అంటే తప్పు ఎవరిది అవుతుంది?"

"నాది."

"అది నాకు తెలుసు. ఫర్నేసులో వేడి ఎంతో తెలియని కర్మాగారానికి వాళ్లు రెండో పని ఇస్తారా అని అడుగుతున్నాను."

ఆలోచించి చెప్తానన్నాను.

రెండు రోజులు ఆలోచించాను. ఆ రెండు రోజులకు నా రిజిస్టరులో పుటలు లేవు. ఆసుపత్రిలో ఉన్నప్పుడు తప్ప నా ఉద్యోగంలో అటువంటి ఖాళీ మరొకటి లేదు, కాబట్టి ఇక్కడ ఒప్పుకుంటున్నాను. పదకొండు పేజీలు మెచ్చుకున్నవాళ్ల ముందు నిలబడి గీత తప్పు వైపు గీశానని చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. మేస్త్రికి ఎటూ ప్యాకింగు షెడ్డులో నీడ ఉందని, చెమటోడ్చి లాగే పని తప్పిందని కూడా ఒక పూట అనుకున్నాను.

మూడో రోజు పొద్దున ఆయనే వచ్చారు. చేతిలో ఒక తెల్లకాగితం, మడత పడకుండా రెండు చేతులతో పట్టుకుని ఉన్నారు.

"బాబూ, మీ రాత బాగుంటాది. నాకొక అర్జీ రాసి పెట్టండి. పని మానేస్తన్నానని."

ఎందుకని అడిగాను.

"ఎందుకేటి. ఊరెల్లి నువ్వులు ఏసుకుంతాను. సీటీలంటించడం నాకు రాదు, వంకరొచ్చేస్తన్నాది. కారణం రాయాలంటారు గదా. మీ నాలుగో పేజీలో ఉన్నాదట. అదే రాసెయ్యండి" అన్నారు.

నిష్ఠూరంగా అనలేదు. కారణం ఎక్కడ దొరుకుతుందో తెలిసిన మనిషి చెప్పినట్టు చెప్పారు. కాగితం బల్ల మీద పెట్టారు. నేను కలం మూత తీశాను. తీసి, రిజిస్టరును ఆయన వైపు తిప్పి, అడుగున ఉన్న రెండు వరసలు చదివి వినిపించాను. కడ్డీ సంగతి చెప్పాను. గీత సంగతి చెప్పాను.

ఆయన ఆ వరసల మీద వేలు ఆనించారు.

"నానన్నది రాసుకున్నారేటి?"

"రాసుకున్నాను."

"రాసుకుని?"

దానికి జవాబు ఆ పుటలోనే, తరువాతి వరసలో, నా చేతివ్రాతలో ఉంది. దాన్ని రెండోసారి చదవమని ఆయన అడగలేదు. నేను చదవలేదు.

ఆయన తెచ్చిన తెల్లకాగితం మీద అర్జీ రాయలేదు. దాని మీదే నా రెండో నివేదిక రాశాను. ఒక పేజీ. పట్టికలు లేవు. గీత ఏ వైపు నుంచి గీశానో, కొన ఎక్కడ ఆగిందో, 11.40కి ఎవరు ఏమన్నారో, నేను ఏమి చేయలేదో, అంతే. మొదటి నివేదికను ఉపసంహరించుకుంటున్నానని చివరి వాక్యం.

సోమవారం పదిన్నరకు మొదటిసారి మెచ్చుకున్నవాళ్లే మళ్లీ కూర్చున్నారు. పరిశోధకురాలు కూడా వచ్చారు. మేస్త్రిని పిలిపించాలని నేను పట్టుబట్టాను. ఆయన తలుపు దగ్గర నిలబడ్డారు. కాగితం చదవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. చదువుతుండగా మేనేజరు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. బయట చూడడానికి గోనెపట్టాల గుట్ట తప్ప ఏమీ లేదు.

చదవడం అయిపోయాక పరిశోధకురాలు నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే.

"మూడో గొట్టం తీగ వేడిచేయనిది ఏమైనా మిగిలిందా సార్?"

"మూడు మీటర్లు. బీరువాలో ఉంది."

మేనేజరు తల తిప్పి నా వైపు చూశారు. ఎందుకు పెట్టావని మళ్లీ అడగలేదు.

గురువారం ఆ మూడు మీటర్లను ఫర్నేసులో పెట్టాము. గోడకు రాగి పూత ఉన్న అదే తీగ, చింతపండు నీళ్లు తాగిన అదే గొట్టం. కడ్డీ కొన మాత్రం ఈసారి ఫర్నేసు నడిమధ్యకు చేరింది. మీటరు 650 చూపిస్తుండగా నేను పక్కకు జరిగి, మేస్త్రిని కిటికీ దగ్గరికి రమ్మన్నాను. వంగి, ఒక కన్ను మూసి, పరిశోధకురాలు గడియారం వైపు రెండుసార్లు చూసేటంతసేపు చూశారు.

"కుంకం" అన్నారు.

రాసుకున్నాను.

మూడు వారాలకు ఫలితాలు వచ్చాయి. మూడు మీటర్ల తీగ మొదటి ఎనిమిది చుట్టలంత విద్యుత్తునూ మోసింది, పిసరంత ఎక్కువే మోసింది. చింతపండు పులుపులోని కర్బనం అతివాహకానికి మేలు చేసి ఉండవచ్చని పరిశోధకురాలు ఉత్తరంలో రాశారు. ఒక్క ముక్క మీద తీర్మానం చేయరాదని జవాబు రాశాను. పాడైన తీగల్లోని వలయం ఇనుము, బోరాన్‌ల కలయిక అని పరీక్షలో తేలింది. రాగి ఆనవాలు మాత్రమే ఉంది. చింతపండు హెచ్చరికను వాళ్లు అచ్చు వేయలేదు. నా కడ్డీ సంగతిని హెచ్చరికగా వేయమని అడిగాను. అది అందరికీ తెలిసిన విషయమేనని మర్యాదగా తిరస్కరించారు.

రెండో పని మాకు రాలేదు. కారణం ఎవరూ రాసి ఇవ్వలేదు. ఆ విషయంలో మేనేజరు అంచనా సరైనదేనని నమోదు చేయడం నా విధి. ఆయన తరువాతి రోజుల్లో దీన్ని నాతో ఒక్కసారి కూడా ఎత్తలేదు. అదీ నమోదు చేస్తున్నాను.

మేస్త్రిని బెంచీకి తిరిగి రమ్మన్నారు. వెంటనే వెళ్లలేదు. ముందు నా గదికి వచ్చి, ఫర్నేసు రిజిస్టరులో ఇంకొక గడి గీయమన్నారు.

"ఏ గడి?"

"రంగు. మీటరు గడి పక్కన. ఆ గడి నాను నింపుతాను. మీ మాటా, నా మాటా అని కాదు. రెండూ కలవకపోతే ఫర్నేసు ఆపాల."

గీశాను. గీసేటప్పుడు ఆయన నా భుజం మీదుగా వంగి, "ఏ పక్క నుంచి కొలుస్తన్నారు బాబూ?" అన్నారు. ఎడమ వైపు నుంచి అన్నాను. సరే అన్నారు. ఆ ప్రశ్నను ఆయన నా పదవీ విరమణ దాకా, ఎక్కడ నేను స్కేలు తీసినా, వదలకుండా అడిగారు. ఒకసారి మా అమ్మాయి పెళ్లిలో పందిరి గుంజ కొలుస్తుంటే కూడా అడిగారు.

ఆ గడిలో ఆయన అక్షరాలు పెద్దవిగా, గీతలు దాటి ఉండేవి. నేరేడు, కుంకం, కుంకం, నేరేడు. రెండూ కలవని రోజులు నా లెక్కలో మూడు వచ్చాయి. మూడుసార్లూ ఫర్నేసు ఆపాము. రెండుసార్లు మీటరు తప్పు, ఒకసారి ఆయన తప్పు. ఆ రోజు కంటికి కలక వచ్చిందని ముందే చెప్పి ఉండవలసింది, చెప్పలేదు. దాన్ని కూడా రాశాను. రాయమన్నది ఆయనే.

ఇప్పుడు అరసవల్లిలో ఉంటున్నాను. వీధి చివర ఆటోల మోత మొదలయ్యేసరికి లేచి, పాత రిజిస్టర్ల నకళ్లు సర్దుతుంటాను. నా ఉద్యోగం చివరి రోజున వేడిచేసిన తీగల పుట వాటిలో అన్నిటికంటే పైన ఉంటుంది. ఆ రోజు నేను వీడ్కోలు సభకు వెళ్లవలసి ఉండడంతో పుట మొత్తం ఆయనే నింపారు. మీటరు గడిలో 650. రంగు గడిలో కుంకం. అడుగున, నేను రాసే చోట, గీత దాటిన పెద్ద అక్షరాలతో ఇలా ఉంది: "బాబుగారు ఎల్లిపోనారు. రెండూ కలిసినాయి."

తేదీ వేయడం మరిచిపోయారు. ఇది రాయడం ముగించి, ఇవాళ ఆ పుట కింద సంతకం పెట్టాను. తేదీ నేను కూడా వేయలేదు.